వన్‌టౌన్ ఇంటి దూలం: మధ్యలో పెట్టే ప్లేటు 8 ఎంఎమ్మా, 12 ఎంఎమ్మా?

సంక్రాంతి ముందు

విశాఖ వన్‌టౌన్‌లో బాబాయి వాళ్ళ పాత ఇంట్లో మేడ గదిని రెండు టేకు దూలాలు మోస్తున్నాయి, వాటి మీద దంతెలు, దంతెల మీద చెక్క పలకలు. వీధి వైపు దూలం గోడలోకి దూరిన చివర కుళ్ళిపోయింది, స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోతోంది. హుద్‌హుద్ తుఫానుకి పెంకులు లేచిపోయిన మూల అదే, 2014 నుంచి ఏదో ఒక వానకి అక్కడ చెమ్మ పడుతూనే ఉంది. లోపలి దూలం బాగానే ఉంది కానీ మధ్యలో కిందకి దిగింది, కింద నిలబడి చూస్తే కంటికే తెలుస్తోంది.

కొలతలు: ఆనిక, అంటే దూలం గోడ మీద కూర్చునే చోటు, మధ్య నుంచి మధ్యకి 4.8 మీటర్లు, దూలానికీ దూలానికీ 2.4 మీటర్లు, దూలం సైజు ఇంచుమించు 150 బై 225 ఎంఎం. మేస్త్రి పద్ధతిలో చెప్పాలంటే ఆరు బై తొమ్మిది.

ముందే ఒకటి చెప్పేస్తా, ఐఎస్ఎంబీ 200, అంటే 200 ఎంఎం ఎత్తు ఐ ఆకారం స్టీలు దూలం, ఒకటి కొని పెట్టేస్తే ఈ డైరీ అక్కర్లేదు. మీటరుకి 25 కిలోల బరువు, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (ఆకారాన్ని బట్టి వంగకుండా నిలిచే కొలత) 2235 సెంటీమీటర్ల నాలుగో ఘాతం, మనం ఇక్కడ ఇంత తంటాలు పడి తయారుచేసే దూలం కంటే అదే గట్టిది. కాకపోతే కింద హాల్లోంచి చూస్తే రెండు దూలాలూ ఒకేలా కనపడాలని పిన్ని పట్టు, పైగా దంతెలు అన్నీ దూలం మీద గాడి కొట్టి మేకులేసి కూర్చోబెట్టినవి, ఐరన్ గర్డర్ మీద ఆ పని కుదరదు, క్లీట్లూ వెల్డింగులూ మొదలవుతాయి. అందుకని ఫ్లిచ్ బీమ్ అనుకున్నాం, అంటే రెండు చెక్కల మధ్య ఒక స్టీల్ ప్లేటు నిలువుగా పెట్టి బోల్టులతో బిగించడం, బయటికి చెక్కే కనపడుతుంది.

మొదటి లెక్క

బరువు ఎంతో ముందు తేల్చుకోవాలి. కట్టడాల మీద బరువులు చెప్పే కోడ్ ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇళ్ళకి చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు (ఒక్కోటి దాదాపు వంద కిలోల బరువు) లైవ్ లోడు, అంటే మనుషులూ సామానూ. 2.4 మీటర్ల వెడల్పుకి దూలం మీద మీటరుకి 4.8. పలకలు, దంతెలు, దూలం సొంత బరువు కలిపి మరో 2.2 వేసుకున్నా. మొత్తం మీటరుకి 7 కిలోన్యూటన్లు. బెండింగ్ మొమెంట్, అంటే దూలాన్ని మధ్యలో వంచే ప్రభావం, 7 ఇంటూ 4.8 స్క్వేర్ బై 8, అంటే 20.2 కిలోన్యూటన్ మీటర్లు.

బాబాయి మేడ మీద పుస్తకాల గది చేద్దామన్నాడు. అదే కోడ్‌లో లైబ్రరీ స్టాక్ రూమ్‌కి చదరపు మీటరుకి 6 కిలోన్యూటన్లు రాసుంది, అంటే ఇంటికి వేసుకునేదానికి మూడింతలు. "అల్మారాలు గోడల్ని ఆనుకునే పెట్టుకో బాబాయ్, గది నడుమ ఒక్కటి కూడా వద్దు" అని ఒప్పందం చేసుకున్నా. "ఏంట్రా నువ్వు నాకు రూల్స్ పెడతావా" అన్నాడు కానీ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు చెక్క ఒక్కటే ఉంటే ఏమవుతుందో చూద్దాం. చెక్క కట్టడాల కోడ్ ఐఎస్ 883లో టేకు బి గ్రూపు కిందకి వస్తుంది, ఆ గ్రూపుకి మాడ్యులస్ (సాగకుండా నిలిచే బిరుసు) 9,800 నుంచి 12,600 దాకా, బెండింగ్‌కి ఒప్పుకునే స్ట్రెస్ (లోపల పుట్టే ఒత్తిడి) 12, రెండూ న్యూటన్లు పర్ స్క్వేర్ ఎంఎంలో. నేను మాడ్యులస్ 10,000 తీసుకున్నా. 150 బై 225 చెక్క ఒక్కదాని మీదే ఈ బరువు పడితే స్ట్రెస్ 15.9, వంపు (మధ్యలో కిందకి దిగేది) 34 ఎంఎం. ఒప్పుకునేది 4800 బై 240, అంటే 20 ఎంఎం, కింద సీలింగ్ లాంటి పెళుసు సామాను వేలాడదీస్తే 360తో భాగించాలి. అటు స్ట్రెస్సూ దాటింది, ఇటు వంపూ దాటింది. లోపలి దూలం ఎందుకు దిగిపోయిందో కూడా ఇక్కడే తెలిసిపోయింది.

ప్లేటు పెట్టాక లెక్క మారుతుంది. స్టీలు మాడ్యులస్ 2 లక్షలు, టేకు 10,000, నిష్పత్తి 20. చెక్కా స్టీలూ బోల్టులతో ఒక్కటిగా వంగుతాయి కాబట్టి ఒకే ఎత్తులో చెక్కలో ఎంత స్ట్రెస్ ఉంటే స్టీల్లో దానికి ఇరవై రెట్లు ఉంటుంది. జోడెద్దుల్లో గట్టిది ఉంటే కాడి అటే లాగుతుంది కదా, అదే ఇది. చెక్క తన 12 అందుకునేలోపు స్టీలు 240 దగ్గరికి పోతుంది, మామూలు మైల్డ్ స్టీల్ సాగే హద్దు 250, వర్కింగ్ స్ట్రెస్ పద్ధతిలో మనం తీసుకునేది అందులో 0.66 వంతు, అంటే 165. కాబట్టి ఇలాంటి దూలంలో చెక్క పూర్తి బలం ఎప్పుడూ వాడుకోం, ముందు స్టీలు హద్దే వస్తుంది. చాలామంది ప్లేటు సైజు కట్టేటప్పుడు చెక్కకి చాలని బలాన్ని ప్లేటుకి అప్పజెప్పి ఊరుకుంటారు, నాకైతే అది తలకిందుల పద్ధతి అనిపిస్తుంది, పంపకం జరిగేది బలాన్ని బట్టి కాదు, స్టిఫ్‌నెస్‌ని బట్టి.

ప్లేటు లోతు, అంటే నిలువు ఎత్తు, 215 పెట్టుకున్నా, చెక్క 225 కదా, పైనా కిందా అయిదేసి ఎంఎం తక్కువ. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, ప్లేటు కదలదు. సమానంగా పెడితే ఏదో ఒక ఏప్రిల్‌లో ప్లేటు అంచు పైకి తేలి దంతెలన్నీ దాని మీద ఎక్కి కూర్చుంటాయి.

8 ఎంఎం ప్లేటుతో మొదలుపెట్టా. వంపు 17.6, స్టీల్లో స్ట్రెస్ 158. రెండూ హద్దులోనే, అంటే 8 పాస్. నాతోపాటు పనిచేసే స్ట్రక్చరల్ ఇంజనీరు ఫ్రెండ్‌కి పంపిస్తే "ఇది గృహప్రవేశం రోజు లెక్క, పదేళ్ళ తర్వాత లెక్క ఎక్కడ?" అన్నాడు. నిజానికి ఈ పని మొత్తంలో అసలు సంగతి ఇదే.

రెండో లెక్క

చెక్క మీద బరువు అలాగే ఏళ్ళ తరబడి ఉంచితే మెల్లగా సాగుతుంది, క్రీప్ అంటారు. ఉత్త చెక్క దూలం అయితే వంపు పెరగడమే, స్ట్రెస్ మారదు. ఫ్లిచ్ దూలంలో అలా కాదు, చెక్క సాగి పక్కకి తప్పుకున్న కొద్దీ దాని వాటా స్టీలు మీదకి పోతుంది, స్టీలుకి క్రీప్ లేదు, అది ఎక్కడికీ పోలేదు, మోయాల్సిందే. దీన్ని లెక్కలోకి తేవడానికి సులువైన పద్ధతి, చెక్క మాడ్యులస్ సగం చేసి మళ్ళీ లెక్క కట్టడం. 10,000 బదులు 5,000, నిష్పత్తి 20 బదులు 40.

అలా చేస్తే 8 ఎంఎం ప్లేటులో స్ట్రెస్ 213కి పోయింది, వంపు దాదాపు 24. ఫెయిల్. 10 ఎంఎంతో స్ట్రెస్ 183, వంపు 20.4, అదీ ఫెయిల్, కొంచెంలో. 12 ఎంఎంతో 160, వంపు 17.9. పాస్.

12 ఎంఎం ప్లేటు మొదటి రోజు మోసేది మొత్తంలో 58 శాతం, చెక్క సాగాక 74 శాతం. ఈ రెండో అంకె గుర్తుపెట్టుకోవాలి, బోల్టుల లెక్కలో మళ్ళీ వస్తుంది.

మొత్తం బరువూ ఎప్పటికీ ఉంటుందనుకోవడం అతి జాగ్రత్తే, మనుషులు వస్తారు పోతారు. కానీ మన ఇళ్ళల్లో మేడ గది అంటే ఇనప బీరువా, పందిరి మంచం, ఎవరూ తియ్యని ట్రంకు పెట్టెలు, వీటిని లైవ్ లోడు అనడానికి నాకు మనసు రాదు.

పండగ అయ్యాక, ఆటోనగర్

ప్లేటు కోసం ఆటోనగర్ వెళ్ళా. స్టీల్ ప్లాంటు ఉన్న ఊళ్ళో ప్లేటు కొనడం ఎంతసేపు అనుకుంటారు బయటివాళ్ళు, మన ప్లాంటులో రాడ్లు, వైర్ రాడ్, యాంగిళ్ళు, ఛానెళ్ళ లాంటి పొడుగు సరుకే తయారవుతుంది, ప్లేటు రాదు. ప్లేటు రూర్కెలా నుంచో భిలాయి నుంచో ఇంకెక్కడి నుంచో రావాల్సిందే. ఉక్కు మన హక్కు, ప్లేటు మాత్రం పక్క రాష్ట్రాల సరుకు.

షాపాయన 200 బై 12 ఫ్లాట్ రెడీగా ఉంది పట్టుకెళ్ళండి, కటింగ్ ఖర్చు ఉండదు, 15 ఎంఎంకి ఏం కొంప మునిగిపోదు అన్నాడు. అక్కడే ఫోన్ తీసి లెక్క చూపించా. లోతు మూడో ఘాతంలో పనిచేస్తుంది, 200 నుంచి 215కి వెళ్తే స్టీలు ఏడున్నర శాతం పెరుగుతుంది కానీ స్టిఫ్‌నెస్ 24 శాతం పెరుగుతుంది. 200 ఫ్లాట్‌తో పదేళ్ళ లెక్క కడితే వంపు 21కి దగ్గర, ఫెయిల్. అదే మందం పెంచి లోతు తగ్గించి 150 బై 16 తీసుకుంటే ఇంచుమించు అంతే కిలోలు, కానీ స్టిఫ్‌నెస్ సగం కూడా రాదు. డబ్బులు కిలోల లెక్కన ఇస్తాం, పని లోతు లెక్కన జరుగుతుంది.

బరువు గుర్తుకి చిన్న సూత్రం: చదరపు మీటరు ప్లేటు ఒక్క ఎంఎం మందానికి 7.85 కిలోలు. 12 ఎంఎంకి 94. మన పట్టీ 215 వెడల్పు కాబట్టి మీటరుకి 20 కిలోలు, 4.9 మీటర్ల ముక్క దాదాపు 99 కిలోలు. 10 ఎంఎంకీ 12కీ తేడా 16, 17 కిలోలు మాత్రమే, ఆ డబ్బు కోసం సందేహంలో పడటం అనవసరం.

కటింగ్ దగ్గర ఒక జాగ్రత్త. పెద్ద ప్లేటు అంచు నుంచి పొడుగాటి సన్న పట్టీని గ్యాస్‌తో కోస్తే ఒక పక్కే వేడెక్కి చల్లారి పట్టీ కత్తిలా పక్కకి వంగిపోతుంది. రెండంచులూ ఒకేసారి కోసే మెషీన్ ఉన్న షాపు చూసుకుని అక్కడ కోయించా, కోసిన అంచులు గ్రైండర్‌తో నున్నగా చేయించా. దారం కట్టి చూస్తే 4.9 మీటర్ల మీద 3 ఎంఎం వంకర ఉంది, పర్వాలేదు, పైనా కిందా వదిలిన అయిదేసి ఎంఎం ఖాళీలో ఇమిడిపోతుంది.

చెక్క

కొత్త టేకు జోలికి పోలేదు. పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే అడితిలో ఒక పెద్ద దూలం దొరికింది, బాగా ఆరిన చెక్క, తేమ మీటరు 14 శాతం చూపించింది. దాన్ని సా మిల్లులో నిలువునా రెండుగా కోయించి, చిత్రిక పట్టాక 75 బై 225 ముక్కలు రెండు వచ్చాయి. ఇక్కడ పాతకాలం వడ్రంగుల పద్ధతి ఒకటి పాటించాం, కోసిన రెండు ముక్కల్లో ఒకదాన్ని తల అటూ తోక ఇటూ తిప్పి పెట్టడం. చెట్టు మొదలు వైపు గట్టిగా ఉంటుంది, చివర వైపు ముళ్ళు ఎక్కువ, ఇలా తిప్పితే బలహీనమైన చోట్లు రెండూ ఒకే దగ్గర పడవు. చెక్క లోపలి గుండె భాగంలో పగుళ్ళున్నాయేమో కూడా కోస్తేనే తెలుస్తుంది.

మేస్త్రికి ప్లేటు చూపిస్తే నిలబెట్టి ఊపి చూశాడు. "ఇదేటి బాబూ, ఇలగ ఊగిపోతంది, ఇది మేడని మోస్తాదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. 12 ఎంఎం మందం 215 లోతు ఉన్న రేకుని ఒంటరిగా నిలబెట్టి బరువేస్తే పై అంచు పక్కకి ఒరిగిపోతుంది, నిలువు బలం ఎంతున్నా వాడుకోలేం. రెండు వైపులా చెక్క పట్టుకుని ఉంటేనే 165 దాకా వాడుకునే హక్కు. ప్లేటు చెక్కకి బలం ఇస్తుందని అందరూ అంటారు గానీ చెక్క కూడా ప్లేటుని ఒరగకుండా నిలబెడుతుంది.

ప్లేటు మీద ఇసుక కొట్టించి జింక్ రిచ్ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ రెండు కోట్లు. హార్బర్ గాలి ఆ వీధిలో తలుపు గడియల్నే ఏడాదిలో తినేస్తుంది, చెక్కకీ ప్లేటుకీ మధ్య చేరిన చెమ్మ బయటికి పోయే దారి కూడా ఉండదు. ప్లేట్లు బయట రెండు వైపులా ఆరేసి ఎంఎం పెడితే లెక్క ఒకటే వస్తుంది, కానీ ఉప్పుగాలికీ మంటకీ ఎదురుగా నిలబెట్టినట్టు అవుతుంది. లోపలే నయం. బోల్టులు హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసినవి) తీసుకున్నాం, మెరిసే ఎలక్ట్రో ప్లేటింగ్ వి కాదు.

బోల్టులు, ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తున్నా

దంతెలు కూర్చునేది చెక్క మీద. అంటే బరువు ముందు చెక్కలోకి దిగి అక్కడి నుంచి బోల్టుల ద్వారా ప్లేటులోకి పోవాలి. ప్లేటు వాటా 74 శాతం, మీటరుకి 5.2 కిలోన్యూటన్లు. 12 ఎంఎం బోల్టుకి, రెండు వైపులా 75 ఎంఎం చెక్క, నారకి అడ్డంగా నొక్కే బలం లెక్కన నేను ఒక్కోదానికి 4 కిలోన్యూటన్లే ఇచ్చుకున్నా. దాన్నిబట్టి ముప్పావు మీటరుకి ఒకటి చాలు. అయినా చెక్కలు విప్పుకోకుండా 400 ఎంఎంకి ఒకటి పెట్టాం, ఒకటి పైన ఒకటి కింద జిగ్‌జాగ్‌గా, అంచుల నుంచి 60 ఎంఎం లోపలికి. మొమెంట్ ఎక్కువగా ఉండే మధ్య మీటరున్నరలో మాత్రం అన్నీ నడుమ గీత మీదే, అక్కడ స్ట్రెస్ సున్నా కాబట్టి బెజ్జం వల్ల నష్టం లేదు.

అసలు చిక్కు చివర్లలో. ప్లేటు చెక్క అడుగు కంటే 5 ఎంఎం పైన ఉంది కదా, మరి గోడ మీద అది దేని మీద కూర్చుంటుంది? దేని మీదా కూర్చోకపోతే అది మోసిన బరువంతా, ఒక్కో చివర 12.4 కిలోన్యూటన్లు, మళ్ళీ బోల్టుల ద్వారా చెక్కలోకి వచ్చి గోడకి దిగాలి. అంటే ఒక్కో చివర నాలుగు బోల్టులు ఉండాల్సిందే, మిగతా అన్ని చోట్లా ఉన్నట్టు ఒకటి పెట్టి వదిలేస్తే అక్కడ చెక్క చీలిపోతుంది. మేం రెండూ చేశాం. నాలుగు బోల్టులూ పెట్టాం, ప్లేటు కింద 5 ఎంఎం స్టీలు ముక్క దూర్చి ఆనిక ప్లేటు మీద నేరుగా కూర్చోబెట్టే ఏర్పాటూ చేశాం.

బెజ్జాల సైజు గురించి ఫ్యాబ్రికేషన్ షాపులో గొడవ. వాళ్ళకి అలవాటు 12 బోల్టుకి 14 బెజ్జం. వాళ్ళ పనులకి నడుస్తుందేమో, ఇక్కడ ఆ 2 ఎంఎం వదులు ఉంటే చెక్క ముందు వంగి, బోల్టు జరిగి ప్లేటుని తాకేదాకా ప్లేటు ఊరికే ఉంటుంది. 13తో డ్రిల్ చేయించా, పంచింగ్ వద్దన్నా. తర్వాత ప్లేటునే ఫర్మాగా పెట్టి చెక్కలకి రెండు వైపుల నుంచీ 12 బిట్‌తో తోలాం. బెజ్జాల్లోనూ జింక్ పెయింట్ రాశాం. పెద్ద వాషర్లు వేశాం, చిన్నవి చెక్కలోకి దిగిపోతాయి.

శివరాత్రి దాటాక, పరీక్ష

పైకి ఎక్కించే ముందు పెరట్లో రెండు ఆనికల మీద దూలాన్ని పెట్టి, పక్కకి ఒరగకుండా బాదులు ఆనించి, పైన అడ్డ చెక్కలు పరిచి సిమెంటు బస్తాలు పేర్చాం. 24 బస్తాలు, 1200 కిలోలు, మీటరుకి 2.45 కిలోన్యూటన్లు. లెక్క ప్రకారం మధ్యలో 5 ఎంఎం దిగాలి. బిగువుగా దారం కట్టి స్కేలుతో చూస్తే 6.5 దిగింది. బస్తాలు తీసేస్తే పూర్తిగా వెనక్కి రాలేదు, ఒక ఎంఎం అలాగే ఉండిపోయింది, బోల్టులు తమ చోట్లలో కుదురుకున్నాయన్నమాట. నట్లు మళ్ళీ బిగించి అవే బస్తాలు మళ్ళీ పేరిస్తే 5.5.

ఈ 5.5 నుంచి వెనక్కి లెక్క కడితే నా చెక్క మాడ్యులస్ 10,000 కాదు, 7,650 దగ్గర. పాత దూలం కదా, దంతెల గాళ్ళు, మేకు బెజ్జాలు చాలా ఉన్నాయి, బోల్టుల దగ్గర కాస్త జారుడూ అందులోనే కలిసి ఉంటుంది. ఈ అంకెతో పదేళ్ళ లెక్క మళ్ళీ కట్టా: మొత్తం బరువు ఎల్లకాలం ఉందనుకుంటే స్టీల్లో 171, హద్దు 165. దాటింది.

అప్పుడు బరువుని విడదీశా. డెడ్ లోడు, అంటే ముందు వేసుకున్న పలకలు, దంతెలు, దూలం బరువు, 2.2, లైవ్ లోడులో మూడో వంతు బీరువాలూ మంచాలూ అనుకుని 1.6, ఈ 3.8కి సగం మాడ్యులస్, మిగిలిన 3.2కి పూర్తి మాడ్యులస్. స్ట్రెస్ 157, వంపు 17.6. సరిపోయింది. ఇదే లెక్క 10 ఎంఎం ప్లేటుకి వేస్తే 179 వచ్చింది. ఫ్రెండ్ చూసి, గోడవారగా అల్మారాలు అన్న ఒప్పందం కాయితం మీద పెట్టమని చెప్పి సంతకం పెట్టాడు.

ప్రస్తుతం

వీధి వైపు దూలం ఎక్కింది. మొత్తం రెండొందల కిలోల పైమాటే, చైన్ బ్లాక్‌తో ఎత్తాం, పై గది బరువు జాకీల మీద ఉంది. గోడ గూట్లో రాతి పలక, దాని మీద ఆనిక ప్లేటు, దూలం చివర చుట్టూ వేలు పట్టేంత ఖాళీ వదిలి గాలి ఆడేలా పెట్టాం, చెద మందు కొట్టాం. పాత దూలం కుళ్ళిందే గాలాడక, సున్నంతో నిండా కూరేసి ఉంది. నట్లు ఈ వేసవి అయ్యాక ఒకసారి, వానాకాలం అయ్యాక ఒకసారి బిగించాలి, అందుకే నట్లు ఉన్న వైపు చెక్క బిళ్ళలు అంటించకుండా వదిలేశాం, పిన్నికి ఇంకా చెప్పలేదు.

లోపలి దూలం కింద సరుగుడు బాదులు నిలబెట్టాం. దానికి ప్లేటు ఇంకా కొనలేదు. ఆ దూలాన్ని దించి, ఉత్త చెక్కగానే బస్తాలు పేర్చి దాని మాడ్యులస్ ఎంతో చూశాక మందం తేలుస్తాం, 7,000 కంటే కిందకి వస్తే 14 లేదా 16 చూడాలి. 14 ఎంఎం ఆటోనగర్‌లో తొందరగా దొరకదంటున్నారు.